అరువు సోఫా మీద కూర్చున్న ప్రభుత్వం

మా అక్క ఇంటి గోడకు చెమ్మ పట్టింది. ఆ గోడ ప్రభుత్వానిది. ఆ చెమ్మను చూపించి అక్క చేతుల్లోంచి మనవరాలిని తీసుకుపోవాలనుకున్నదీ ప్రభుత్వమే. ఈ సంగతులు పక్కపక్కన పెట్టుకుని చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఈ వయసులో అంత మంట మంచిది కాదని డాక్టరు అంటాడు. డాక్టరు ఆ గోడ చూడలేదు.

మేము చాట్స్‌వర్త్‌లో, ఇండియన్లకని కట్టిన కౌన్సిల్ వాళ్ళ, అంటే మునిసిపాలిటీ వాళ్ళ, ఫ్లాట్లలో ఉండేవాళ్ళం. కింద అక్క, పైన మేము. తెల్లవాళ్ళ కాలంలో మమ్మల్ని పాత ఇళ్ళలోంచి లేపి, సామాను లారీల్లో వేయించి, ఈ కొండ వాలు మీద దింపారు. ఇల్లు ఇచ్చాం కదా అన్నారు. ఇచ్చారు, అద్దెకి. వాన పడితే కొండ మీది నీళ్ళన్నీ కింది ఇళ్ళ వెనక గోడల్లోకి ఇంకేవి. అక్క ఇల్లు సరిగ్గా ఆ కొండకి ఆనుకుని ఉండేది.

నేను మొబేనిలో రంగుల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. బడి చదువు నాలుగో స్టాండర్డుతో ఆగింది. తెలుగు అక్షరాలు మా నాయన దాచి ఉంచిన ఒక చిరిగిన వాచకంలో నేర్చుకున్నాను. ఇంగ్లీషు, రంగు డబ్బాల కింద పరిచే పాత పేపర్లలో. పని ఆపి నేల మీది పేపరు చదువుతున్నానని ఫోర్‌మన్ తిట్టేవాడు. చట్టం అంటే ఏమిటో, హక్కు అంటే ఏమిటో ఆ రంగు మరకల సందుల్లోంచి చదువుకున్నాను. అందుకే నాకు కోపం ఎక్కువ. పద్ధతిగా చదువుకున్నవాళ్ళకి ఇంత కోపం ఉండదు. వాళ్ళకి అన్నిటికీ కారణాలు తెలుసు.

అక్క నాకంటే పెద్దది. బావ చిన్న వయసులోనే పోయాడు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో మిషను తొక్కి ఒక్కగానొక్క కూతురిని పెంచింది, పెళ్ళి చేసింది. ఆ కూతురు కిడ్నీల జబ్బుతో పోయింది. అల్లుడు పని వెతుక్కుంటానని జొహానెస్‌బర్గ్ వెళ్ళాడు. కొన్నాళ్ళు ఫోన్ చేశాడు, తర్వాత అదీ లేదు. మిగిలింది ఒక ఆడపిల్ల, అప్పటికి ఇంకా బడికి పోని వయసు. అక్కని అవ్వా అని పిలిచేది, మా ఆవిడని చిన్నవ్వా అనేది.

తెల్లా నల్లా తేడా లేకుండా అందరం కలిసి మొదటిసారి ఓట్లు వేసింది ఆ రోజుల్లోనే. నేనూ అక్కా లైన్లో ఎండకి నిలబడి వేశాం. అక్క ఆ రోజు పట్టుచీర కట్టుకుంది. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఓడల్లో చవక బట్టలు దిగడం మొదలైంది, అక్క పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ముసలివాళ్ళకిచ్చే పింఛను రావడానికి అక్కకి వయసు చాలదు. పని దొరకడానికి వయసు ఎక్కువ. ఇంట్లో పాత మిషను మీద జాకెట్లు, చీరలకి ఫాల్సు కుట్టేది. మేము పైన కడుపు నిండా తింటూ చూస్తూ ఊరుకున్నాం అనుకోకండి. మేమూ అంతంతమాత్రమే. నాకూ ఆ ఏడాది షిఫ్టులు తగ్గించారు.

పిల్ల పోషణకి ప్రభుత్వం సొమ్మిస్తుందని చెప్పింది ఎదురింటి తమిళావిడ. మా బ్లాకులో ఆమెకి తెలియని సంగతి ఉండేది కాదు.

"అక్కా, నీకు తెలియదా? తల్లి లేని పిల్లకి వెల్ఫేరు ఇస్తాది. నువ్వు పోయి అడగాలి అంతే."

"అడగడమేటే, ముష్టా?" అంది అక్క.

"ముష్టి కాదు, గవర్మెంటు. మన గవర్మెంటు ఇప్పుడు."

ఆ 'మన' అన్న మాట అక్కకి నచ్చింది. నాకూ నచ్చిందనుకోండి. మర్నాడే నేను సెలవు పెట్టి అక్కని తీసుకుని వెల్ఫేరు ఆఫీసుకి వెళ్ళాను.

ఇంతకు ముందు అది ఇండియన్ల ఆఫీసు. తెల్లవాళ్ళకొకటి, మాకొకటి, అలా ఎవరి గుమ్మం వాళ్ళకి. నల్లవాళ్ళకి చాలాచోట్ల గుమ్మమే లేదు. ఇప్పుడు అన్నీ ఒక్కటి చేశారు. చెయ్యాల్సిందే, నేను దానికే ఓటేశాను. కానీ ఆఫీసులు కలిపినవాళ్ళు కిటికీలు పెంచలేదు. బయట మెట్ల దాకా లైను. మా ముందు ఒక జులూ గోగో నిలబడింది. గోగో అంటే వాళ్ళ మాటలో అవ్వ. వీపున ఒక పసివాడు, చేతికి ఇంకొకడు. ఫ్యాక్టరీలో నేర్చిన ఫనకలో అనే కలగాపులగం భాషలో నేను పలకరించాను. ఆమె కూడా కూతురి పిల్లల కోసమే వచ్చింది.

"మీకు లైను కొత్త కదా?" అంది నన్ను చూసి నవ్వుతూ. "మాకు ఇంతకాలం తలుపు లేదు. ఇప్పుడు తలుపు పెట్టారు. తలుపు ముందు ఈ లైను పెట్టారు."

అక్క సంచిలోంచి అరటిపండు తీసి వీపు మీది పిల్లాడికి ఇచ్చింది. గోగో వంతు వచ్చినప్పుడు, పిల్లల పుట్టిన కాగితాలు లేవని కిటికీలోంచే తిప్పి పంపారు. మా దగ్గర కాగితాలు ఉన్నాయి. కిటికీ వెనకాయన అవి తీసుకుని, ఇంటికి ఒక అధికారి వచ్చి చూస్తుంది, తర్వాతే సంగతి అన్నాడు. ఏ రోజు వస్తుందో కూడా చెప్పాడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఇల్లు చూడ్డానికి ఒకరు వస్తున్నారు అనగానే మా బ్లాకులో ఆడవాళ్ళకి తెలిసిన పద్ధతి ఒకటే. పెళ్ళిచూపులు. మా ఫ్లాట్లలో ఎవరి పిల్లని చూడ్డానికి మగపెళ్ళివారు వచ్చినా బ్లాకంతా కలిసి ఆ ఇంటిని నిలబెట్టేది. ఒకరు కర్టెన్లు ఇస్తారు, ఒకరు కార్పెట్టు. తమిళావిడ దగ్గర బంగారు అంచు టీ కప్పుల సెట్టు ఒకటి ఉండేది. మా బ్లాకులో ఏ ఆడపిల్ల పెళ్ళీ ఆ కప్పులు లేకుండా కుదరలేదు. మగపెళ్ళివారికి కూడా అది తెలుసు, వాళ్ళిళ్ళలోనూ అంతే కదా. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యడం కాదు. వచ్చినవాళ్ళని మర్యాదగా కూర్చోబెట్టడం.

ఆ అధికారి వచ్చే ముందురోజు సాయంత్రం నేను షిఫ్టు దిగి వచ్చేసరికి కింద వాకిట్లో ఒక బక్కీ బండి ఆగి ఉంది. వెనక తొట్టిలోంచి ఇద్దరు కుర్రాళ్ళు సోఫా దింపుతున్నారు. షాల్‌క్రాస్‌లో ఉండే మా చిన్నమ్మాయి వాళ్ళ సోఫా అది. కొని ఎన్నాళ్ళో కాలేదు, ప్లాస్టిక్కు కవరు కూడా తియ్యలేదు.

"ఎవరి పెళ్ళి?" అన్నాను.

"పెళ్ళి కాదు, వెల్ఫేరు," అంది మా ఆవిడ. "ఆఫీసావిడొచ్చి బీరు సీసాల పెట్టె మీద కూకుంటాదా?"

"వాళ్ళొచ్చేది మన దగ్గర లేదని చూడ్డానికే కదా?"

"లేదని సూత్తే పిల్లని ఎత్తుకుపోతారు! ఆ చివరి బ్లాకులో మొన్న ఏటయ్యింది? తిండి లేదని రాసుకుని ఇద్దరు పిల్లల్ని హోముకి పట్టుకుపోలేదా? నువ్వు పేపర్లు సదువుతావు గానీ పక్కింట్లో ఏటయ్యిందో సదవవు."

ఆమె చెప్పిందీ నిజమే, నేను చెప్పిందీ నిజమే. ఇప్పటికీ ఆ రెండిటిలో ఏది ఎక్కువ నిజమో నాకు తెలియదు. మా ఆవిడ గాజు అద్దాల బీరువా ఒకటి కూడా పక్క బ్లాకు నుంచి మోయించుకొచ్చింది. దాన్ని సరిగ్గా చెమ్మ గోడకి అడ్డంగా పెట్టించింది. పిల్లకి నల్ల బూజు గోడ కనపడకుండా పోయిందని సరదా. బీరువా చుట్టూ గంతులేసింది.

మర్నాడు వచ్చిన అధికారి పాతికేళ్ళ పిల్ల. మన పిల్లే. రెడ్‌హిల్ నుంచి వస్తున్నానని చెప్పింది. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి వచ్చింది. అది చూసి అక్క ముఖం విచ్చుకుంది. ఆ పిల్ల సోఫాలో కూర్చోగానే ప్లాస్టిక్కు కీచుమంది. బంగారు అంచు కప్పులో టీ వచ్చింది. మురుకులు, మిరపకాయ బజ్జీలు, సేమ్యా పాయసం వచ్చాయి. తమిళావిడ తన కప్పులు పగలకుండా చూసుకోవడానికి పంచదార తెచ్చాననీ, చెంచా తెచ్చాననీ మాటిమాటికీ లోపలికి వచ్చి పోతోంది.

ఆ అధికారి ఇంగ్లీషులో మాట్లాడింది. నేను తెలుగులో రాస్తున్నాను.

"ఆంటీ, ఇల్లు ఎలా గడుస్తోంది?"

మన ఆడవాళ్ళని అతిథి ఆ ప్రశ్న అడిగితే జవాబు ఒకటే ఉంటుంది. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా అదే జవాబు.

"దేవుడి దయవల్ల మాకేం తక్కువమ్మా," అంది అక్క. "తీసుకో, ఇంకో బజ్జీ తీసుకో."

నేను గొంతు సవరించుకున్నాను. మా ఆవిడ వెనక నుంచి నా మోచెయ్యి గిల్లింది.

"సాయం చేసేవాళ్ళు ఉన్నారా?"

"అందరూ ఉన్నారు. ఇదిగో మా తమ్ముడు పైనే ఉంటాడు. మా మరదలు బంగారం. ఈ వీధంతా నాదే."

ఆ పిల్ల రాసుకుంది. బజ్జీ తింది. మనవరాలి బుగ్గ నిమిరి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం బక్కీ మళ్ళీ వచ్చింది. సోఫా ఎక్కిస్తుంటే అక్క దాని మీద మరక పడిందేమోనని తడి గుడ్డతో తుడుస్తూ బక్కీ వెంట నాలుగడుగులు నడిచింది.

కొన్ని వారాలకి ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఈ కుటుంబానికి తగిన ఆధారం ఉంది కనుక సొమ్ము ఇవ్వడం కుదరదట.

నేను ఊరుకోలేదు. ఊరుకునే రకాన్ని కాదని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. అక్కని వెంటబెట్టుకుని మళ్ళీ ఆఫీసుకి వెళ్ళి, ఆ రెడ్‌హిల్ పిల్ల బల్ల ముందు నిలబడ్డాను.

"ఆ సోఫా మాది కాదమ్మా," అన్నాను.

"తెలుసంకుల్."

"తెలుసా?"

"మా అక్క పెళ్ళిచూపులప్పుడు మా ఇంట్లో కూడా మా మామ వాళ్ళ సోఫాయే."

"మరి తెలిసి ఎలా రాశావు?"

ఆ పిల్ల కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. నిజం చెప్పొద్దూ, ఆ పిల్ల బల్ల మీద ఫైళ్ళు నా మెడ దాకా ఉన్నాయి. "చూసింది రాయాలంకుల్. సోఫా చూశాను, సోఫా రాశాను. ఆంటీ తన నోటితోనే మాకేం తక్కువ అంది. అరువుదని నా అంతట నేను రాస్తే, నీకెలా తెలుసని పైవాళ్ళు అడుగుతారు. నేనేం చెప్పాలి? మనవాళ్ళు ఇంతే అని చెప్పాలా?"

అక్క తల వంచుకుంది. నాకు ఆ పిల్ల మీద కోపం రావాలి, వచ్చింది కూడా. కానీ కోపం అక్కడ నిలవలేదు. చూసింది రాయి, తెలిసింది రాయకు అని ఆ పిల్లకి ఎవరో నేర్పారు. ఆ నేర్పినవాళ్ళు నాకు దొరకలేదు. ఎప్పుడూ దొరకరు.

మళ్ళీ దరఖాస్తు పెట్టండి, మళ్ళీ వచ్చి చూస్తాం అంది ఆ పిల్ల. పెట్టాం.

ఈసారి బ్లాకంతా రెండో వైపుకి ఊగింది. ఇల్లు ఖాళీ చేసేద్దాం అన్నారు. తమిళావిడ నడుం బిగించి వచ్చింది.

"అక్కా, ఆ మిషను మా ఇంట్లో పెట్టేస్తా. ఆ మంచం కూడా తీసెయ్. ఆ దేవుడి పటానికి వెండి ఫ్రేము ఉంది చూడు, అదీ దాచెయ్యాలి. కడవుళే, దేవుడా, వెండి చూస్తే ఒక్క సెంటు ఇవ్వరు."

"మొన్న లేనిది తెచ్చి పెట్టారు," అంది అక్క. "ఇప్పుడు ఉన్నది ఎత్తుకుపోతారా? పోండి అందరూ. నా ఇల్లు ఎలాగుందో అలాగే సూడనీ."

అలాగే చూశారు. ఈసారి ఆ రెడ్‌హిల్ పిల్లతో పాటు ఒక పెద్ద అధికారి కూడా వచ్చాడు. చెప్పులు విప్పలేదు. బీరు సీసాల పెట్టె మీద గుడ్డ పరిచి ఇస్తే కూర్చోలేదు. నేరుగా వెనక గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించాడు. చెయ్యి తీసి చూసుకుంటే తడి. నల్లటి బూజు వేళ్ళకి అంటుకుంది. పిల్ల ఎక్కడ పడుకుంటుంది అని అడిగాడు. నా పక్కనే అని అక్క మంచం చూపించింది. మంచం ఆ గోడకే ఆని ఉంది, ఆ గదిలో ఇంకో చోటు లేదు. అదే సమయానికి పిల్ల దగ్గింది. పిల్లలు దగ్గుతారు. చలికాలంలో చాట్స్‌వర్త్‌లో దగ్గని పిల్ల ఉంటే చూపించండి. ఆయన పిల్ల వైపు చూశాడు, గోడ వైపు చూశాడు.

"సొమ్ము సంగతి తర్వాత," అన్నాడు. "ముందు ఈ పిల్ల ఈ ఇంట్లో ఉండవచ్చా లేదా అన్నది తేలాలి."

అది తేల్చేది మేజిస్ట్రేటట. ఈ ఇల్లు పిల్ల ఉండదగ్గది కాదు, పిల్లని హోములో ఉంచాలి అని ఆయన సిఫారసు రాశాడు.

ఇల్లు బాగుందని సొమ్ము ఇవ్వలేదు. ఇల్లు బాగాలేదని పిల్లని తీసుకుపోతారు. మధ్యలో ఇల్లు ఎంత బాగుంటే వాళ్ళకి సరిపోతుందో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ కొలత తెలిస్తే ఏ సోఫా తేవాలో, ఏ సోఫా తేకూడదో మా ఆవిడ చూసుకునేది.

నేను ఈసారి కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళాను. గోడ బాగుచేస్తే సంగతి తీరిపోతుంది కదా అనుకున్నాను. అక్కడి గుమాస్తా మా వయసువాడే, ఓపిగ్గానే మాట్లాడాడు.

"ఆ ఫ్లాట్లు ఉంటున్నవాళ్ళకే ఇచ్చెయ్యాలని ఉంది. ఇచ్చేసేవాటికి మరమ్మతు చెయ్యం."

"ఎప్పుడిస్తారు?"

"అది పైవాళ్ళు చెప్పాలి."

"అంతదాకా గోడ ఎవరిది?"

"మాది."

"మరి చెమ్మ?"

"అది లోపల ఉన్నవాళ్ళు చూసుకోవాలి. కిటికీలు తెరిచి ఉంచమనండి."

ఆ గోడకి కిటికీ లేదు. ఆ మాట చెప్పాను. ఆయన తల ఊపి, నా వెనకవాణ్ణి పిలిచాడు.

నేనే ఫ్యాక్టరీ నుంచి నీళ్ళు పీల్చని రంగు ఒక డబ్బా అడిగి తెచ్చి ఆ గోడకి వేశాను. పైన బాగా పట్టింది. వానలు రాగానే రంగు పొక్కులు పొక్కులుగా లేచి, పొర ఊడి మంచం మీద పడింది. కొండ లోపలి నుంచి వచ్చే నీటికి రంగేం చేస్తుంది.

కోర్టు వాయిదా దగ్గర పడుతుండగా ఒక రోజు ఆ రెడ్‌హిల్ పిల్ల మా ఇంటికే వచ్చింది. ఆఫీసు పని మీద కాదంది. చెప్పులు విప్పి, పైకి మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. గోడలు చూసింది. పైన కదా, మా గోడలు పొడిగా ఉన్నాయి. మా పిల్లలు పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళాక ఒక గది ఖాళీగానే ఉంది.

"అంకుల్, పిల్లని మీరూ ఈ ఆంటీ కలిసి పెంచుతామని కోర్టులో అడగండి. హోముకి పంపరు. కోర్టు అప్పగిస్తే పెంచేవాళ్ళకి వేరే సొమ్ము ఉంది, దానికి సోఫాలు చూడరు."

"పిల్లకి సొంత అవ్వ కింద ఉంది కదమ్మా," అంది మా ఆవిడ.

"ఉంది. ఆవిడ కోర్టులో తన వల్ల కాదని చెప్పాలి. అది చెప్తేనే మీకు ఇస్తారు."

ఆ మాట కిందికి మోసుకెళ్ళింది మా ఆవిడే. నేను వెనకే దిగి, అక్క గుమ్మంలో నిలబడి విన్నాను.

"కాగితమ్మీదే వొదినా. పిల్ల ఎక్కడికెల్తాది? తింటాది నీ కాడ, పడుకుంటాది నీ కాడ. ఆళ్ళొచ్చినప్పుడు పైకి తెచ్చుకుంటాం. కాగితం నా పేర, పిల్ల నీదే."

అక్క మిషను చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది. "నా వల్ల కాదని సెప్పాలా?" అంది. "అందరి ముందరా?"

"ఒక్క మాట. సెప్పేసి వొచ్చెయ్యడమే."

కోర్టు గది నేను అనుకున్నంత పెద్దది కాదు. నేను చెప్పాల్సింది రాత్రుళ్ళు కూర్చుని తయారుచేసుకున్నాను. గోడ ఎవరిది, చెమ్మ ఎవరిది, ఒక ఆఫీసు గోడకి ఇంకో ఆఫీసు శిక్ష ఎలా వేస్తుంది, అన్నీ ఒక వరసలో. నోరు తెరవబోయేసరికి మేజిస్ట్రేటు చెయ్యి చూపించి, మీరు పెంచుతామంటున్నారు కదా, అంతవరకు చెప్పండి చాలు అన్నాడు. పెంచుతాం అన్నాను. గోడ సంగతి నా లోపలే ఉండిపోయింది. ఇదిగో, ఇన్నాళ్ళకి ఇక్కడ బయటికి వస్తోంది.

తర్వాత అక్కని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. "అమ్మా, ఈ పిల్లని మీరు చూసుకోగలరా?"

"చూసుకుంటున్నాను సార్," అంది అక్క.

రెడ్‌హిల్ పిల్ల తన కాగితాల్లోకి చూసుకుంది. మా ఆవిడ అక్క చీర కొంగు పట్టుకుని లాగింది. మేజిస్ట్రేటు మళ్ళీ అడిగాడు, ఈసారి ఇంకా నెమ్మదిగా, చెవి వినపడనివాళ్ళని అడిగినట్టు. పిల్ల అక్క ఒళ్ళోనే కూర్చుని ఉంది. అక్క పిల్ల జడ రిబ్బను సరిచేసింది. సరిచేసి, పిల్లని ఒళ్ళోంచి దించి మా ఆవిడ వైపు నిలబెట్టింది. అప్పుడు చెప్పింది.

"నా వల్ల కాదు సార్."

అంతే. ఆయన సంతకం పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సు దిగి కొండ ఎక్కుతుంటే పిల్ల అలవాటుగా అక్క చెయ్యి పట్టుకోబోయింది. అక్క ఆ చేతిలోకి సంచి మార్చుకుంది. నేను చూశాను. మా ఆవిడా చూసింది.

ఆ సాయంత్రం పిల్ల కింద అన్నం తింది. దీపాలు పెట్టాక అక్క పిల్లని వెంటబెట్టుకుని మెట్లెక్కింది. చంకలో పిల్ల తలగడ.

"ఇదేటి వొదినా?" అంది మా ఆవిడ.

"పడుకునే టయిము."

"కింద పడుకోబెట్టు. ఎవరొచ్చి సూత్తారు ఈ టయిములో?"

"ఎవరో సూడాలేటి? నేను సెప్పొచ్చాను కదా."

"అది కాగితమ్మీది మాట!"

"మొదట ఇంట్లో అబద్ధం పెట్టాం," అంది అక్క. "లేని సోఫా పెట్టి, మాకేం తక్కువ అని నేనే సెప్పాను. దాంతోనే ఇంత దూరమొచ్చింది. ఇప్పుడు కోర్టులో సెప్పింది కూడా అబద్ధం చెయ్యమంటావా? ఎవరైనా ఒచ్చి, పిల్ల నీ దగ్గర లేదని రాసుకుంటే? అప్పుడు హోముకేగా. వొద్దు. నీ కాడే పడుకోనీ."

పిల్ల మొదటి రోజు ఏడ్చింది. రెండో రోజూ ఏడ్చింది. తర్వాత మానేసింది. పిల్లలు మానేస్తారు. మెల్లగా బడి బట్టలు పైకి వచ్చాయి, పలక వచ్చింది, బొమ్మ వచ్చింది. అక్క ఒక్కటీ కింద ఉంచుకోలేదు. దగ్గు తగ్గిందా అని రెడ్‌హిల్ పిల్ల ఒకసారి ఫోన్‌లో అడిగి రాసుకుంది. ఆ తర్వాత ఆమెని ఎక్కడికో బదిలీ చేశారు. పిల్ల ఎక్కడ పడుకుంటోందో చూడ్డానికి ఆ ఆఫీసు నుంచి ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, మా మెట్లెక్కలేదు. పిల్ల పెద్దదయ్యే దాకా ఎక్కలేదు. చిన్నపిల్లలున్న బీద ఇళ్ళన్నిటికీ, పెంచేది ఎవరైనా సరే, రంగు చూడకుండా కొత్త సొమ్ము ఇస్తామని ప్రభుత్వం తర్వాత చెప్పింది. మంచి పనే. ఆ లైన్లో చూసిన గోగోకి అది అంది ఉంటుందని నా ఆశ. మా పిల్లకి అప్పటికి ఆ సొమ్ముకి పెట్టిన వయసు దాటిపోయింది.

దాటినా దాటకపోయినా ఏం లాభం. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. అదెప్పుడు జరిగిందో కూడా నాకు తెలుసు. కోర్టుకి వెళ్ళొచ్చిన ఏడాదే, వానలు తగ్గాక, ఒక గురువారం మధ్యాహ్నం. మా ఆవిడ వంటింట్లో రోటీల పిండి కలుపుతోంది. నేను పేపరు చదువుకుంటున్నాను. పిల్ల లోపల గదిలో ఏదో పాడుకుంటోంది. అక్క మెట్లెక్కి వచ్చి గుమ్మం బయట ఆగింది. అది ఆమె తమ్ముడి ఇల్లు. ఇరవై ఏళ్ళుగా గుమ్మం దగ్గర ఆగిన మనిషి కాదు, చెప్పులతో వంటింటి దాకా వచ్చి గిన్నె మూత తీసి చూసే మనిషి.

"అమ్మాయ్," అని పిలిచింది మా ఆవిడని. "శనివారం భజన ఉంది. పిల్లని నాతో తీసుకెల్లొచ్చా?"

మా ఆవిడ పిండి చేతులతోనే బయటికి వచ్చింది. "ఏటడుగుతున్నావు వొదినా? ఎవరినడుగుతున్నావు?" అని అరిచింది. అరుస్తూనే ఏడ్చింది. "నీ పిల్లని తీసుకెల్లడానికి నన్నడుగుతావా?"

అక్క ముఖంలో కోపం లేదు, నిష్ఠూరం లేదు. లైన్లో తన వంతు వచ్చిన మనిషిలా నిలబడింది, అంతే.

"సాయంత్రానికల్లా తెచ్చేత్తాను," అంది.

లోపలికి రమ్మని నేను పిలిచాను. మా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది. రాలేదు. 'తీసుకెళ్ళు' అని మా ఆవిడ నోటితో అనేదాకా ఆ గుమ్మం దాటలేదు.